పొలుసు లేవలేదు

మా ఆడపడుచు ప్రసన్నలక్ష్మి చేప ముక్క నోట పెట్టి ఎరగదు. అయినా కైకలూరు చుట్టుపక్కల ఏ చెరువులో చేప నలతపడినా ముందు కబురు వెళ్లేది దానికే. నేను కాపురానికొచ్చేసరికి అది రెండు జడలు వేసుకుని ఎనిమిదో తరగతి చదువుతోంది, అందుకే ఇప్పటికీ 'అది' అనే అంటాను. నలభై ఆరేళ్ల మనిషిని అలా అంటావేమిటని మా ఆయన కసురుతారు. ఆయనకి చెల్లెలంటే భయం. నాకు లేదు. లేదనే అనుకునేదాన్ని, మొన్నమొన్నటి దాకా.

మా మామగారు సత్యనారాయణమూర్తిగారు ఏలూరులో పౌరోహిత్యం చేసేవారు. ఆ ఇంట్లో ఉల్లిపాయ తరగాలన్నా వారం, తిథి చూసుకోవాలి. అలాంటి ఇంటి పిల్ల జువాలజీతో బీయెస్సీ చదివి, పట్టా చేతికొచ్చిన నెలలోనే కైకలూరులో ఒక చేపల మందుల షాపులో ల్యాబ్ పనికి కుదిరింది. పనంటే ఏమిటనుకున్నారు? రైతులు పాలిథీన్ కవర్లో పట్టుకొచ్చిన చేపని తెల్ల ట్రేలో పడుకోబెట్టి, మొప్పలు విప్పి, పొలుసు గోకి, భూతద్దంలో చూడ్డం. మామగారు రెండేళ్లు దానితో మాట్లాడలేదు. అది బతిమాలనూ లేదు, పని మాననూ లేదు. "మీరు గ్రహాలు చూసి మంచిచెడ్డా చెబుతారు, నేను మొప్పలు చూసి చెబుతాను నాన్నగారూ" అని ఒక్కసారి చెప్పి, రోజూ పొద్దున్నే ఆరింటి బస్సెక్కేది. సాయంత్రం దొడ్లో కుళాయి దగ్గర తలారా నీళ్లు పోసుకుని గాని గడప తొక్కేది కాదు. మూడో ఏడు ఒకనాడు ఆయనే భోజనం మధ్యలో, "ఆ ఆకివీడు వాళ్ల చేపలు బతికాయా?" అని అడిగారు. బతికాయంది. ఆయన మజ్జిగ కలుపుకున్నారు.

పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషి ఒకాయన, "పెళ్లయ్యాక ఆ కంపు పని మానేస్తుంది కదండీ?" అన్నాడు మామగారితో. కాఫీ పట్టుకొచ్చిన పెళ్లికూతురే జవాబు చెప్పింది, "మీరు కూర్చున్న కుర్చీ ఆ కంపు జీతంతో కొన్నదేనండి" అని. తర్వాత ఎవరూ రాలేదు. అదీ ఎవరి కోసం ఎదురుచూడలేదు. కైకలూరులోనే రెండు గదుల వాటా తీసుకుని ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట ఆ షాపు యజమాని పురుషోత్తంగారి దగ్గరికి ఎక్కడి నుంచో ఒక కంపెనీ వాళ్లొచ్చారు. రైతు తన చేప ఫొటో తీసి పంపితే జబ్బేమిటో ఫోనే చెప్పేస్తుందట. పురుషోత్తంగారు ప్రసన్నని పిలిచి, "ఇకమీదట మీరింత శ్రమపడక్కర్లేదండి ప్రసన్నగారూ" అన్నారు. మా గోదావరి వాళ్ల మర్యాదే అంత, మెడ మీద కత్తి పెట్టినా 'ఏవండీ' అనే పెడతారు. ప్రసన్న ఆ కంపెనీ అబ్బాయి ఫోను తీసుకుని ట్రేలో ఉన్న బొచ్చె చేపకి ఫొటో తీసింది. అదేదో సముద్రపు చేప పేరు చెప్పింది ఆ ఫోను.

"దీనికి మన చెరువు తెలీదండి" అంది ప్రసన్న. "ఆర్నెల్లు ఆగండి. నాకొచ్చింది నేనే నేర్పుతాను యంత్రానికి. నా కన్ను తీసేసి పరాయి కన్ను పెట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోను."

ఆ ఆదివారం తాడేపల్లిగూడెంలో మా ఇంటికొచ్చి కూర్చుంది. నేను అక్కడ జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఎలా చేయాలో వెతికి పెట్టింది నేనే, కాబట్టి ఆ గొప్పలో నా వాటా నాకుంది, తర్వాత వచ్చిన తిట్టులోనూ ఉంది. పద్ధతి కష్టమేం కాదు. క్లౌడు సర్వీసని అద్దెకి దొరుకుతుంది. యంత్రం ఎక్కడో ఉంటుంది, మనం ఇంట్లో కూర్చుని ఫొటోలు ఎక్కించాలి. ప్రతి ఫొటోలో జబ్బు ఎక్కడుందో అక్కడ మౌసుతో చుట్టూ నాలుగు గీతలు గీసి పేరు రాయాలి, ఇది ఎర్రమచ్చ, ఇది పేను అని. అలా వందల ఫొటోలు గీశాక నేర్చుకోమని మీట నొక్కితే, కొన్ని గంటల్లో నేర్చుకుంటుంది. మనమిచ్చిన ఫొటోల్లోనే కొన్ని పక్కన దాచుకుని, వాటితో తనకి తనే పరీక్ష పెట్టుకుని మార్కులు కూడా చెబుతుంది.

జబ్బు చేపల ఫొటోలకి కొదవ లేదు, ప్రసన్న ట్రేలోకి వచ్చేవన్నీ అవేగా. ఎనిమిది వందల పైచిలుకు పోగయ్యాయి. ఒక్కో ఫొటో చూపించి ఎక్కడ గీయాలో అదే చెప్పింది, నేను గీశాను. మంచి చేపల ఫొటోలకే వచ్చింది చిక్కు. జబ్బు లేని చేపని కూడా చూపించకపోతే యంత్రానికి ప్రతి చేపా రోగిష్టిదిగానే కనిపిస్తుంది. కానీ కళకళలాడుతున్న చెరువుని ఫొటో తీసి పది కళ్ల ముందు పెట్టమంటే ఏ రైతు పెడతాడండీ? దిష్టి కొట్టదూ? ఏ ఊరెళ్లినా, "మా చేపలేం బాలేవండి, ఏదో ఉన్నాయంటే ఉన్నాయి" అనేవాళ్లే.

చివరికి ఉండిలో వెంకట్రాజుగారు ఒప్పుకున్నారు. నలభై ఎకరాల చెరువులున్న మనిషి. పదేళ్ల కిందట ఆయన శీలావతి చేపల్ని ప్రసన్నే కాపాడింది, ఆ మాట మీద నిలబడ్డారు. "మీ మాట తీసేయలేనండి. దిష్టి సంగతేదో మేం చూసుకుని పంపిస్తాం" అన్నారు. రెండు వందల ఫొటోలు నేరుగా నా ఫోనుకే పంపించారు. ప్రసన్న బస్సెక్కుతూ, "ఇవన్నీ మంచివే వదినా, వీటి మీద గీతలేం గీయకు, ఊరికే ఎక్కించు" అని చెప్పి వెళ్లిపోయింది.

నేను ఊరుకుంటే కదా. ఫొటోలు తెరిచి చూద్దును గదా, సగానికి పైగా చేపల పక్కల మీద ఎర్రటి మచ్చలు. ఓహో రాజుగారూ, జబ్బు చేపల్ని మంచివని అంటగడుతున్నారా అనుకున్నాను. ప్రసన్న గమనించలేదు, నేను పట్టుకున్నానని లోలోపల ఒకటే మురిసిపోయాను. మాట వరసకైనా దానికి ఫోన్ చేసి అడగలేదు. పిల్లల పేపర్లు దిద్ది దిద్ది, తప్పు కనిపిస్తే ఎర్ర సిరా పెట్టేయడమే తప్ప అడగడం అలవాటు తప్పిన మనిషిని. నూట ముప్పయ్యొక్క ఫొటోల మీద చక్కగా గీతలు గీసి 'ఎర్రమచ్చ' అని రాశాను. నా జన్మలో నేను చేపని ముట్టుకోలేదన్న సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి.

పరీక్షలో యంత్రానికి నూటికి తొంభై నాలుగు వచ్చాయి. ఆ పరీక్షలోనూ నేను గీసినవే ఉన్నాయి, నేను గీసిందే సరైన జవాబని రాసి ఉంది. పిల్లవాడికి తప్పు నేర్పి, ఆ తప్పునే జవాబు పత్రంలో పెట్టుకుని పేపరు దిద్దితే మార్కులు రాక ఏమవుతాయి? ఆవేళ మాత్రం నేను కాలేజీలో అందరికీ మిఠాయి పంచాను.

పురుషోత్తంగారు షాపు ముందు బ్యానరు కట్టారు. ఫొటోలు రావడం మొదలైంది, రెండు నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది. జబ్బు చేపే పంపేవాళ్లు, జబ్బేనని చెప్పేది. చేపల్ని కొనే వ్యాపారులు కూడా ఆ రిపోర్టు చూపిస్తే గాని ఐసు లారీ ఎక్కించమనే దాకా వచ్చారు.

అప్పుడే కొల్లేరు లంక ఊళ్లో వెంకటనరసమ్మగారి చెరువు పట్టుబడికొచ్చింది. ఆవిడకి ఉన్నది ఆ రెండెకరాల చెరువే, అదొక్కటే ఆధారం. భర్త పోయాక పదకొండు నెలలు చేపల్ని తనే మేపుకుంది. శుక్రవారం పొద్దున్న తొలి వల వేయించి, తొలి చేప ఫొటో పంపింది రిపోర్టు కోసం. యంత్రం ఎర్రమచ్చ అంది, నూటికి తొంభై ఒకటి నమ్మకమంది. ఆ రిపోర్టు పురుషోత్తంగారి ఫోను నుంచి రైతుల గ్రూపులోకి వెళ్లిపోయింది. లారీ వెనక్కి మళ్లింది. ఒకే డ్రెయిను కాలవ మీద బతికే చెరువులు కాబట్టి పక్క చెరువు దేవరాజుగారూ, మరో పదిమందీ గట్టు మీదకి వచ్చారు. జబ్బు నీళ్లు తమ వైపు రాకుండా రేపు మధ్యాహ్నంలోగా చెరువులో బ్లీచింగ్ కొట్టేయాలన్నారు. బ్లీచింగ్ కొడితే జబ్బూ చస్తుంది, చెరువు నిండా ఉన్న చేపా చస్తుంది.

పురుషోత్తంగారు ఆ రిపోర్టు అచ్చు తీసి సంతకానికి ప్రసన్న ముందు పెట్టారు. అది ఫొటోని పెద్దది చేసి చూసి, కలం మూత పెట్టేసింది. "పొలుసు లేవలేదండి" అంది. "ఎర్రమచ్చయితే కింద కుళ్లి పొలుసు లేస్తుంది, అంచు తెల్లబడుతుంది. ఇక్కడ పొలుసు నున్నగా పడుకునుంది. ఇది జబ్బు కాదు."

"మీరు నేర్పించిన యంత్రమే కదండీ చెబుతున్నది?"

"నేర్పింది నేనేనండి. అందుకే నా కన్నా దానికి ఎక్కువ తెలుసని నేననుకోను."

వెంటనే నాకు ఫోన్ చేసింది. నేను ఊరుకోకుండా తొంభై నాలుగు మార్కుల పాఠం ఎత్తుకున్నాను. నీ కన్నూ మనిషి కన్నే కదా, అలిసిపోయి ఉంటావు, లెక్క చెప్పిన మాట విను అన్నాను. "రేపు పొద్దున్న మొదటి బస్సుకి రా వదినా. లెక్కని కూడా వెంటబెట్టుకుని రా" అని పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది. మండినా వెళ్లాను.

మేం వెళ్లేసరికి గట్టు మీద జనం. బ్లీచింగ్ బస్తాలు అప్పటికే దింపేశారు. నిన్నటి చేపని ఐసు పెట్టెలో పెట్టి దూరంగా నేరేడు చెట్టు కింద ఉంచారు. రోగం అంటుకుంటుందని దాని దగ్గరికి ఒక్కరూ పోవడం లేదు. వెంకటనరసమ్మగారు బస్తాల మీద కూర్చుని ఉంది. లేవమంటే లేవనంటోంది. "నన్నూ దీంతోపాటే చెరువులో పొయ్యండి" అంటోంది, ఏడవకుండా, మామూలుగా.

ప్రసన్న చెప్పులు విడిచి, తిన్నగా పెట్టె దగ్గరికెళ్లి చేపని ఒళ్లోకి తీసుకుంది. రెండు కేజీల శీలావతి, పక్కన రూపాయంత ఎర్రటి మచ్చ, అంచులు కారి ఉన్నాయి. బొటనవేలితో గట్టిగా రుద్దింది. మచ్చ పోయింది. వేలు ఎర్రబడింది. ఆ వేలిని అలాగే పట్టుకొచ్చి వెంకటనరసమ్మగారికి చూపించి, "ఇదేమిటండీ?" అని అడిగింది.

"బొట్టండి" అంది ఆవిడ. "వలకి పసుపు రాసి, తొలి చేపకి కుంకం పెట్టడం మా అత్తగారి నాటి నుంచీ ఉన్నదే కదండీ. పైగా ఫొటో తీస్తే నలుగురు చూస్తారు, దిష్టి తగలకుండా అని కాస్త పెద్దది పెట్టాను."

"మరి నిన్న ఈ మాట చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదండి. మిషను కదా, బొట్టు కింద నాకు కనపడనిది ఏదో దానికి కనపడిందేమో అనుకున్నాను."

ప్రసన్న మెల్లిగా నా వైపు తిరిగింది. "వదినా, వెంకట్రాజుగారి ఫొటోలు..." అంది. ఇక దాచేదేముంది. "దిష్టి సంగతి చూసుకుని పంపిస్తాం" అన్న రాజుగారి మాట అప్పుడు తలకెక్కింది నాకు. పాపం ఆయన సగానికి పైగా చేపలకి శుభ్రంగా బొట్టు పెట్టించి పంపించారు. గీశానన్నాను. ఎన్ని అంది. నూట ముప్పయ్యొకటి అన్నాను. సిగ్గుతో అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అది జనం వైపు తిరిగి, "యంత్రం చెప్పింది తప్పు. తప్పు నేర్పింది నేను" అంది.

దేవరాజుగారికి నమ్మకం కుదరలేదు. "నిన్న జబ్బన్నారు, ఇవాళ బొట్టంటున్నారు. రేపు మా చేపలు చచ్చి తేలితే మీరొచ్చి బతికిస్తారాండీ?" అన్నారు. ఆయన్ని అనడానికీ లేదు, ఆయన చెరువు ఆయనకి ప్రాణం.

"మీ చెరువులో మీకు నచ్చిన చేపని ఒకదాన్ని తెప్పించండి" అంది ప్రసన్న. ఆయన తటపటాయించారు. మంచి చేపని ఇంతమందిలో బయటికి తీయడమా అని ఆయన బాధ. "దిష్టి తగిలితే నాకు తగలనీయండి" అంది. తెచ్చారు, నవనవలాడే బొచ్చె. ప్రసన్న దానికి ఫొటో తీసి, గట్టు చివర సిగ్నలు దొరికే చోటికెళ్లి పంపించింది. ఏమీ లేదని వచ్చింది. వెంకటనరసమ్మగారి కుంకం భరిణె అడిగి తీసుకుని, అదే చేపకి అందరూ చూస్తుండగా బొట్టు పెట్టి, రెండు చుక్కల నీళ్లు చల్లి, మళ్లీ ఫొటో తీసి పంపింది. ఎర్రమచ్చ, నూటికి తొంభై మూడు. ఆ ఫోను పట్టుకుని ఒక్కొక్కరి మొహం ముందూ ఆపి చూపిస్తూ దేవరాజుగారి దాకా వచ్చింది.

"ఆవిడ చేపకి తొంభై ఒకటే వచ్చిందండి. మీదానికి రెండు ఎక్కువొచ్చాయి. బ్లీచింగ్ ముందు ఎవరి చెరువులో కొడదామంటారు?"

ఎంత నెమ్మదిగా అడిగిందో. దేవరాజుగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకుని, తనే వంగి ఒక బస్తా భుజానికెత్తుకుని గట్టు దిగారు. వెనకాల ఇంకొకాయన ఇంకో బస్తా ఎత్తాడు. వెంకటనరసమ్మగారు అప్పుడేడ్చింది.

అక్కడే నిలబడి ప్రసన్న గ్రూపులో రాసింది: 'నిన్నటి రిపోర్టు తప్పు. వెంకటనరసమ్మగారి చెరువులో జబ్బు లేదు, చూసి చెబుతున్నాను. తప్పు నాది. ప్రసన్నలక్ష్మి.' నా పేరు రాయవే, గీసింది నేను కదా అన్నాను. "గీత నీది వదినా. నేర్పుతానని మాటిచ్చింది నేను" అంది.

అరగంటలో పురుషోత్తంగారి ఫోనొచ్చింది. షాపు పరువు తీశారండి, ఆ రాసింది తీసేయండి, లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదండి అని, ఎంతో మర్యాదగా. "వస్తానండి" అంది ఇది. "తాళం తీయకపోతే మెట్ల మీద కూర్చుని చూస్తాను చేపల్ని." అన్నంత పనీ చేసింది. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు మెట్ల మీద ట్రే పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు వెంకటనరసమ్మగారు ఒక్కర్తే వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ చెరువు ఆదివారమే పట్టించారు, వెనక్కి మళ్లిన లారీయే వచ్చి ఎత్తుకెళ్లింది. రెండో రోజు కవర్లు పట్టుకుని రైతులొచ్చారు. మూడో రోజు దేవరాజుగారొచ్చి, బ్యానరు కింద నిలబడి, "డాక్టరమ్మ లోపల కూర్చుంటే గాని మేం లోపలికి రామండి" అన్నారట. తాళం తీశారు పురుషోత్తంగారు. ఫోనుకి ఫొటో వస్తే వచ్చింది గానీ, ప్రసన్న చేప చూడందే రిపోర్టు బయటికి పోకూడదన్నది కూడా ఆవేళే ఖాయమైంది.

ఆ వచ్చిన ఆదివారం నన్ను కైకలూరు రమ్మంది. గీతలు చెరపడానికేమో అని కంప్యూటరు మోసుకెళ్లాను. అది తెరవనివ్వలేదు. ట్రేలో ఉన్న శీలావతిని చూపించి, "పట్టుకో" అంది.

"నేనా?"

"ముట్టుకోకుండానే గీశావు కదా అన్నీ."

యాభై ఆరేళ్లొచ్చాయి నాకు. మా పుట్టింట్లో చేపలమ్మే మనిషి వీధిలోకొస్తే తలుపులు వేసుకునేవాళ్లం. పట్టుకున్నాను. జారింది. మళ్లీ పట్టుకున్నాను. చల్లగా, బలంగా ఉంది, చేతిలో ఒక్క గుంజు గుంజింది. రెక్క మొదట్లో కాస్త ఎర్రగా కనిపిస్తే బొటనవేలితో రుద్దాను. పోలేదు. పొలుసు చూశాను, నున్నగా పడుకునుంది. "ఇది దాని రంగే కదూ?" అన్నాను. ప్రసన్న తలూపింది. "ఇప్పుడు తెరువు నీ కంప్యూటరు" అంది.

నూట ముప్పయ్యొక్క ఫొటోల మీద గీతలూ దాని ఎదురుగానే ఒక్కొక్కటీ చెరిపాను. బొట్టు పెట్టిన చేపల్ని అలాగే ఉంచి, మంచి చేపలుగానే మళ్లీ నేర్పించాం. ఈసారి వచ్చింది ఎనభై తొమ్మిది. నేను మిఠాయి పంచలేదు.

సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే బస్సులో నా పక్క సీటావిడ రెండుసార్లు ముక్కు మూసుకుని, అటూ ఇటూ చూసి, లేచి ముందు సీట్లోకి వెళ్లి కూర్చుంది. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్న చేతులే. వెళ్తే వెళ్లిందిలే అనుకుని, కిటికీ పక్కకి జరిగి కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను.